పేజ్‌మేకర్ ఫైళ్లను లినక్స్ మీద తెరవడం: ఒక డీటీపీ కేంద్రం తరలింపుపై కేస్ స్టడీ

కృష్ణా జిల్లాలోని ఒక పట్టణంలో రెండు దశాబ్దాలకు పైగా నడుస్తున్న డీటీపీ (కంప్యూటరు మీద ముద్రణకు పేజీలు కూర్చే) కేంద్రమూ, దానికి అనుబంధంగా ఉన్న చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సూ తమ కంప్యూటర్లను విండోస్ నుంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కు మార్చుకున్నాయి. ఆ మార్పిడి సాంకేతిక బాధ్యతను నేను చూశాను. ఇలాంటి కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి దగ్గరా ఇదే తరహా పాత సాఫ్ట్‌వేర్, ఇవే పాత ఫాంట్లు, ఇవే పాత ఫైళ్లు ఉంటాయి కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ మీద ఏది నడిచిందో, ఏది నడవలేదో వివరంగా రాయడం అవసరమనిపించింది. యజమాని అనుమతితో రాస్తున్నాను. కేంద్రం పేరు మాత్రం ఇవ్వడం లేదు.

ఎందుకు మారాల్సి వచ్చింది

కేంద్రంలో 5 కంప్యూటర్లు ఉన్నాయి. అన్నీ ఇంటెల్ 4వ తరం నుంచి 7వ తరం వరకు ప్రాసెసర్లున్నవే. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని మైక్రోసాఫ్ట్ చాలా ముందే ప్రకటించింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసరు కావాలి. ఆ లెక్కన కేంద్రంలో ఒక్క కంప్యూటరు కూడా పనికిరాదు. పెళ్లికార్డులో వేయాల్సిన ఫోటో ఒకరు, స్కూలు ప్రశ్నపత్రం ఇంకొకరు తెస్తుంటారు కనుక డీటీపీ కేంద్రానికి రోజంతా బయటి పెన్‌డ్రైవ్‌లు వస్తూనే ఉంటాయి. భద్రతా నవీకరణలు ఆగిపోయిన విండోస్‌ను అలాంటి చోట కొనసాగించడం ప్రమాదం.

కొత్త కంప్యూటర్లు కొంటే సరిపోదా అని యజమాని మొదటే అడిగారు. సరిపోదని చెప్పడానికి కారణం, పేజీలు కూర్చడానికి అక్కడ వాడే పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ సంస్థ మాకింటోష్ కోసం తెచ్చిన ఈ ప్రోగ్రాం 1994లో అడోబీ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి పెద్ద సంచిక (వెర్షన్), 2004లో అభివృద్ధి పూర్తిగా ఆగిపోయింది. అది రానున్న ఏ విండోస్ మీద ఎన్నాళ్లు నడుస్తుందో హామీ ఇచ్చేవారు ఎవరూ లేరు. కొత్త యంత్రం కొన్నా పాత ప్రోగ్రాం సమస్య పాతదిగానే ఉంటుంది.

ఇక ఫైళ్లు. ఒక భక్తి మాసపత్రిక, ఏటా వేసే పంచాంగం, పాఠశాలల వార్షిక సంచికలు, సంఘాల డైరెక్టరీలు, లెక్కకు మించిన పెళ్లికార్డులు, కరపత్రాలు అక్కడ ఉన్నాయి. వాటిలో పేజ్‌మేకర్ 6.0 నాటి పీఎం6 ఫైళ్లు, 6.5 నాటి పీ65 ఫైళ్లు, 7.0 నాటి పీఎండీ ఫైళ్లు కలిసిపోయి ఉన్నాయి. ఇవి అటకెక్కించిన పాత కాగితాలు కావు. పంచాంగం ఎప్పుడూ నిరుటి ఫైలు తెరిచి, దాని మీదే మార్పులు చేసి తయారుచేస్తారు. అన్న పెళ్లికి వేయించిన కార్డే తమ్ముడి పెళ్లికీ కావాలని వచ్చేవారు ఉంటారు. అందువల్ల ఈ తరలింపులో అసలు పరీక్ష కొత్త పేజీ తయారుచేయడం కాదు, పాత పేజీ చెక్కుచెదరకుండా తెరుచుకోవడం.

పని కోసం ఆషాఢమాసాన్ని ఎంచుకున్నాం. పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి కార్డుల ఒత్తిడి తగ్గుతుంది. 2025లో అది జూన్ చివరి వారం నుంచి జులై చివరి వారం దాకా వచ్చింది. శ్రావణం వచ్చేలోగా కంపోజింగ్ యథావిధిగా సాగాలన్నది యజమాని పెట్టిన ఏకైక షరతు.

వైన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఆపరేటర్లకు మొదట వివరించాల్సి వచ్చిన విషయం ఇదే కాబట్టి ఇక్కడా కొంత చెబుతాను. వైన్ అనేది లినక్స్ లోపల విండోస్‌ను నడిపే పెట్టె కాదు. వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్ అని పేరుకు విస్తరణ చెప్పుకోవడంలోనే ఆ ఉద్దేశం ఉంది. విండోస్ ప్రోగ్రాం ఫైలును వైన్ మెమరీలోకి ఎక్కిస్తుంది, అందులోని యంత్ర సంకేతాలను ప్రాసెసరు నేరుగా అమలు చేస్తుంది. ఆ ప్రోగ్రాం కిటికీ తెరవమనో, ఫైలు చదవమనో, అక్షరం గీయమనో విండోస్‌ను అడిగినప్పుడు, ఆ పిలుపును అందుకుని లినక్స్ పద్ధతిలో నెరవేర్చే డీఎల్ఎల్ ఫైళ్లను (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ఫైళ్లను) వైన్ తనే సొంతంగా రాసి పెట్టుకుంది. వాటి వెనుక వైన్‌సర్వర్ అనే ప్రాసెస్ ఉండి, విండోస్ కెర్నెల్ (వ్యవస్థ లోపలి మూలభాగం) చేసే సమన్వయాన్ని, అంటే ఒక ప్రోగ్రాం కిటికీ నుంచి మరో ప్రోగ్రాం కిటికీకి సందేశాలు వెళ్లడం, ఒకరు పట్టుకున్న వనరును మరొకరు ముట్టకుండా చూడడం వంటి పనులను చూసుకుంటుంది.

1993లో మొదలైన ఈ ప్రాజెక్టును 1994 నుంచి అలెగ్జాండర్ జూలియార్డ్ నడిపిస్తున్నారు. 1.0 సంచిక రావడానికే 2008 జూన్ దాకా పట్టింది. అదే ఏడాది ఫోటోషాప్ పాత సంచికలు వైన్ మీద మెరుగ్గా నడిచేలా చేయడానికి గూగుల్ సంస్థ, వైన్ అభివృద్ధిలో పాలుపంచుకునే కోడ్‌వీవర్స్ సంస్థకు నిధులిచ్చింది. 2018లో వాల్వ్ సంస్థ వైన్ ఆధారంగా, లినక్స్‌లో విండోస్ ఆటలను నడిపే ప్రోటాన్‌ను తెచ్చాక ఈ రంగంలోకి శ్రమా సొమ్మూ బాగా వచ్చి చేరాయి. ఆటల కోసం జరిగిన ఆ కృషి వల్ల మా వంటి కార్యాలయాల పని కూడా తేలికైందని కృతజ్ఞతతో చెప్పాలి.

వైన్ చేయనిది ఒకటి స్పష్టంగా తెలిసి ఉండాలి. అది హార్డ్‌వేర్ డ్రైవర్ల కోసం కాదు. విండోస్ కెర్నెల్‌లో కూర్చుని పనిచేయాల్సిన యూఎస్‌బీ లాక్ (లైసెన్సు ఉందని చూపడానికి కంప్యూటరుకు గుచ్చే చిన్న పరికరం) డ్రైవర్లు, పాత సమాంతర పోర్టును నేరుగా తట్టే లాక్‌లు చాలా సందర్భాల్లో దాని మీద పనిచేయవు. మా తరలింపులో అత్యంత ముఖ్యమైన నిర్ణయం ఈ ఒక్క వాస్తవం చుట్టూనే తిరిగింది.

ఏ ప్రోగ్రాంకు ఏ దారి

ఐదు కంప్యూటర్లలోనూ లినక్స్ మింట్ 22.1, సిన్నమన్ డెస్క్‌టాప్ పెట్టాం. ఉబుంటు 24.04 మీద ఆధారపడిన ఈ సంచికకు 2029 దాకా మద్దతు ఉంది. వైన్‌ను మింట్ భాండారం (సాఫ్ట్‌వేర్ దింపుకునే చోటు) నుంచి కాకుండా వైన్ ప్రాజెక్టు వారి సొంత భాండారం నుంచి, 10.0 స్థిర సంచికగా తీసుకున్నాం.

ప్రతి ప్రోగ్రాంనూ వైన్‌లోకి తెచ్చిపెట్టే ప్రయత్నం చేయలేదు. ఇలాంటి పనుల్లో తరచుగా జరిగే వృథా అదే. జీఎస్టీ పనులు బ్రౌజరులోనే సాగుతున్నాయి కాబట్టి వాటికి ఏ ఏర్పాటూ అక్కరలేదు. ఉత్తరాలు, ప్రశ్నపత్రాల వర్డ్ ఫైళ్లకు లిబ్రేఆఫీస్ సరిపోయింది. కోరల్‌డ్రా ఫైళ్లలో ఎక్కువ భాగం అక్షరాలను కర్వులుగా మార్చేసిన పెళ్లికార్డు బొమ్మలే. వాటిని ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల ప్రోగ్రాం తెరవగలదు, తెరిచాక ఒకసారి కంటితో సరిచూసుకుంటే చాలు. ఫోటోషాప్ 7 వైన్ మీద పెద్ద పేచీ లేకుండా నడిచింది. ఆపరేటర్లలో ఒకరికి దాని బదులు గింప్ అనే ఉచిత ప్రోగ్రాం అలవాటు చేసుకునే ఉత్సాహం ఉంది కానీ, చేయి తిరిగిన పనిముట్టును సీజను ముందు లాక్కోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మిగిలినవి రెండు: పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగుకు వాడే కీబోర్డు మేనేజరు. పేజ్‌మేకర్‌కు 32 బిట్ల ప్రత్యేక వైన్ ప్రిఫిక్స్ తయారుచేశాం. ప్రిఫిక్స్ అంటే సి డ్రైవు, రిజిస్ట్రీ (విండోస్ తన అమరికలు దాచుకునే చోటు), డ్రైవు అక్షరాల పట్టిక కలిసి ఉండే ఒక ఫోల్డరు. రిజిస్ట్రీ మామూలు అక్షరాల ఫైళ్లుగానే ఉంటుంది కాబట్టి మొత్తం ఫోల్డరును కాపీ చేస్తే ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాం మొత్తం కాపీ అయినట్టే. ఒక కంప్యూటరులో పూర్తిగా సిద్ధం చేసిన ప్రిఫిక్స్‌ను, లైసెన్సు ఉన్న మేరకు, మిగతావాటికి అలాగే చేర్చాం.

ఇక్కడ చిన్నదే అయినా ఎంతో మేలు చేసిన అమరిక ఒకటి ఉంది. పేజ్‌మేకర్ ఫైలు తనలోని బొమ్మలను చాలావరకు లింకులుగా, పూర్తి దారితో సహా గుర్తుపెట్టుకుంటుంది. పాత కంప్యూటర్లలో బొమ్మలన్నీ డి డ్రైవులో ఉండేవి. వైన్ ప్రిఫిక్స్‌లో డ్రైవు అక్షరాలు కేవలం లింకులే కాబట్టి, పాత డి డ్రైవులోని ఫోల్డర్లను యథాతథంగా లినక్స్‌లోకి కాపీ చేసి, ఆ చోటికి డి అనే అక్షరాన్ని కట్టాం. పాత ఫైళ్లు తెరిచినప్పుడు బొమ్మలు ఎక్కడున్నాయని పేజ్‌మేకర్ అడగాల్సిన అవసరమే రాలేదు. అదే సమయంలో, లినక్స్ ఫైళ్లన్నింటినీ చూపే జెడ్ డ్రైవును తీసేశాం. దీనివల్ల వైన్ ఒక భద్రమైన గది అయిపోతుందని ఎవరూ అనుకోకూడదు. వైన్‌లో నడిచే ప్రోగ్రాంకు ఆ వాడుకరికి ఉన్న అనుమతులన్నీ ఉంటాయి, విండోస్ వైరస్ వైన్‌లోనూ నడవవచ్చు. జెడ్ డ్రైవును తీసేయడం పొరపాటు తొలగింపులను తగ్గించే జాగ్రత్త మాత్రమే. పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రాం ఫైలు మీద రెండు నొక్కులు నొక్కగానే వైన్ దాన్ని నడిపేయకుండా ఫైలు అనుబంధాన్ని కూడా తొలగించాం. పెన్‌డ్రైవ్‌లు ఇన్ని వచ్చే చోట ఈ రెండో జాగ్రత్తే ఎక్కువ అవసరం.

కీబోర్డు మేనేజరు విషయానికి వస్తే, కేంద్రం దగ్గరున్న సంచిక యూఎస్‌బీ లాక్ కనిపిస్తే తప్ప పనిచేయదు. పైన చెప్పిన కారణంగా దాన్ని వైన్‌లోకి తేవడం మీద సమయం పెట్టలేదు. లాక్‌ను తప్పించే మార్గాలు బజారులో దొరుకుతాయని నాకు చెప్పినవారున్నారు. డబ్బు పెట్టి కొన్న లైసెన్సును వదిలి దొంగ దారి పట్టాల్సిన పని లేదని యజమానీ నేనూ మొదటే ఒక మాట అనుకున్నాం. ఒక కంప్యూటరులో కేవీఎం వర్చువల్ మెషీన్ (కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరు) ఏర్పాటుచేసి, కేంద్రం కొనుక్కున్న లైసెన్సుతో విండోస్‌ను అందులో పెట్టి, యూఎస్‌బీ లాక్‌ను నేరుగా ఆ మెషీన్‌కే అప్పగించాం. దానికి నెట్‌వర్క్ ఇవ్వలేదు. భద్రతా నవీకరణలు లేని విండోస్ ఇంటర్నెట్‌కు దూరంగా, ఒకే పనికి కట్టుబడి ఉండడం ఈ పరిస్థితిలో సమంజసమైన రాజీ.

అక్షరాల చిక్కు

ఈ కేసులో ఎక్కువ శ్రమ పట్టినదీ, తెలుగు కేంద్రాలకు ప్రత్యేకమైనదీ ఈ భాగమే.

ప్రపంచ లిపుల అక్షరాలకు విడివిడిగా సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి సంచిక నుంచే చోటు ఉన్నా, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుకే డీటీపీ రంగంలో వాడే అను వంటి ఫాంట్లు వేరే పద్ధతిలో తయారయ్యాయి. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటర్ ముందుండే గళ్ల కేసులాగా, ఇంగ్లీషు అక్షరాలకూ యూరోపియన్ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను సర్దిపెట్టారు. ఒక స్థానంలో తలకట్టు లేని హల్లు, మరో స్థానంలో గుడి, ఇంకో స్థానంలో వత్తు ఉంటాయి. ఈ ముక్కలు చదివే క్రమంలో కాక, కాగితం మీద కనిపించే క్రమంలో ఫైలులో నిలువ ఉంటాయి. ఫైలులో ఉన్నది కంప్యూటరు దృష్టిలో తెలుగు కానే కాదు. యూరోపియన్ గుర్తుల వరుసను ఫాంటు తెలుగులా చూపిస్తోంది, అంతే.

దీనివల్ల వైన్‌లో రెండు విషయాలు తప్పనిసరిగా సరిగా ఉండాలి. మొదటిది కోడ్‌పేజీ, అంటే ఏ సంఖ్య ఏ అక్షరానిదో చెప్పే పట్టిక. పశ్చిమ యూరప్ భాషలకు విండోస్ వాడే 1252 కోడ్‌పేజీని ఆధారం చేసుకునే ఈ ఫాంట్లు నడుస్తాయి. ఆపరేటర్లు డెస్క్‌టాప్ తెలుగులో కావాలని కోరారు కాబట్టి కంప్యూటర్ల లొకేల్‌ను (భాష, ప్రాంతం అమరికను) తెలుగు చేశాం. అయితే తెలుగుకు విండోస్‌లో పాత పద్ధతి ఆన్సీ కోడ్‌పేజీ అంటూ ఎప్పుడూ లేదు, అది యూనికోడ్‌తో మాత్రమే వచ్చిన భాష. వైన్ తన కోడ్‌పేజీని లినక్స్ లొకేల్ నుంచే గ్రహిస్తుంది. తెలుగు లొకేల్‌లో పేజ్‌మేకర్‌ను తెరిస్తే 127 దాటిన స్థానాల్లోని ముక్కలు ఏమవుతాయో నమ్మకంగా చెప్పలేం. కాబట్టి పేజ్‌మేకర్‌ను తెరిచే ఐకాన్‌లోనే, ఆ ఒక్క ప్రోగ్రాంకు మాత్రం అమెరికన్ ఇంగ్లీషు లొకేల్ వర్తించేలా అమర్చాం. మిగతా డెస్క్‌టాప్ తెలుగులోనే ఉంటుంది.

రెండోది ఫాంట్ల స్థానం. పాత ఫాంట్లను లినక్స్ సిస్టమ్ ఫాంట్లుగా కాకుండా వైన్ ప్రిఫిక్స్ లోపలి ఫాంట్స్ ఫోల్డరులోనే పెట్టాం. అప్పుడు అవి పేజ్‌మేకర్‌కు కనబడతాయి కానీ లిబ్రేఆఫీస్ ఫాంట్ల జాబితాలోకి రావు. ఎవరైనా పొరపాటున కొత్త ఉత్తరాన్ని పాత ఫాంటులో కంపోజ్ చేసే అవకాశం ఉండదు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. లినక్స్‌లోని ఆధునిక ప్రోగ్రాములు అక్షరాలను గీయడానికి, వాటి రూపాలను కూర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాయి. యూనికోడ్ నియమాల ప్రకారం 173వ స్థానం కనిపించని హైఫన్‌ది కాబట్టి, ఏ పాత ఫాంటులోనైనా ఆ స్థానంలో తెలుగు ముక్క ఉంటే అది తెర మీద మాయమవుతుంది. 160వ స్థానాన్ని కూడా ఖాళీజాగాగానే భావిస్తాయి. పాత ఫాంటుతో ఉన్న వచనాన్ని లిబ్రేఆఫీస్‌లో తెరిచి అక్కడక్కడా గుణింతాలు ఎగిరిపోయాయని చెప్పేవారికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

పేజీలు పాతవిలాగే వస్తున్నాయని నమ్మడానికి పోల్చి చూడడం తప్ప వేరే దారి లేదు. పాత ఫైళ్లలో నుంచి ప్రతి రకానికీ, ప్రతి కాలానికీ కొన్ని చొప్పున దాదాపు వంద ఎంచుకున్నాం. ఇంకా విండోస్‌లోనే ఉన్న కంప్యూటరులో ఒకసారి, వైన్‌లో ఒకసారి పీడీఎఫ్‌లు తీసి, డిఫ్-పీడీఎఫ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాంతో పేజీ మీద పేజీ పెట్టి తేడాలు చూశాం. ఎక్కువ ఫైళ్లలో తేడా లేదు. కొన్నింటిలో ఒక పదం కింది వరుసలోకి జారి, ఆ జారుడు పేరా పేరాకూ పెరిగి, చివరి పేజీలో నాలుగు వరుసలు బయటికి పోయాయి. వైన్ వల్లనే అయి ఉంటుందని ఆపరేటర్లు అనుమానించారు. వెతకగా, ఒకే పేరున్న ఫాంటు కేంద్రంలోని కంప్యూటర్లలో రెండు వేర్వేరు ఫైళ్లుగా ఉందని తేలింది. పేరు ఒకటే, ముక్కల వెడల్పు మాత్రం స్వల్పంగా వేరు. ఏ కంప్యూటరులో పేజీ తయారైతే ఆ కంప్యూటరు ఫాంటుకు తగ్గట్టు వరుసలు విరిగాయి. ఈ తేడా విండోస్ కాలంలోనూ ఉండేది, ఎవరి పేజీ వారి కంప్యూటరులోనే తెరవడం వల్ల బయటపడలేదు.

ఐదు కంప్యూటర్ల ఫాంట్ ఫైళ్లన్నింటికీ చెక్‌సమ్ (ఫైలులో ఏ కొంచెం తేడా ఉన్నా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి, ఒకే పేరుతో ఉన్న వేర్వేరు ఫైళ్లను గుర్తించి, పంచాంగం, మాసపత్రిక ఏ ఫైలుతో తయారయ్యాయో దాన్నే ప్రధాన ప్రిఫిక్స్‌లో ఉంచాం. రెండో ఫైలుతో తయారైన పాత పనుల కోసం మరో ప్రిఫిక్స్ పెట్టాం. ఒకే కంప్యూటరులో, ఒకే ప్రోగ్రాంకు, పరస్పరం పొసగని రెండు ఫాంట్ సంచికలను ఇలా విడివిడిగా ఉంచుకోవడం విండోస్‌లో ఇంత సులభంగా కుదిరేది కాదు. ఫాంటు దొరకనప్పుడు పేజ్‌మేకర్ చూపే పానోస్ ప్రత్యామ్నాయాల (దగ్గరి పోలికగల ఫాంట్ల) పట్టికను చూసీచూడకుండా ఓకే నొక్కడం మానాలని ఆపరేటర్లకు గట్టిగా చెప్పాను. ఆ ఒక్క నొక్కుతో పేజీలోని వరుసలన్నీ మారిపోతాయి.

కొత్త వచనం పాత పేజీలోకి వెళ్లే దారి

పాత పేజీ తెరుచుకుంది, కానీ అందులో కొత్త మాట టైపు చేయాలంటే ఎలా? లినక్స్‌లో భారతీయ భాషల టైపింగుకు వాడే ఐబస్ పేజ్‌మేకర్ కిటికీలో పనికిరాదు. యూనికోడ్ తెలుగు అక్షరం 1252 కోడ్‌పేజీలో లేదు కాబట్టి అక్కడ ప్రశ్నార్థకం గుర్తే పడుతుంది. ఒకటి రెండు మాటల సవరణకు వర్చువల్ మెషీన్ ఉంది. పేజీల కొద్దీ వచనానికి వేరే పద్ధతి పెట్టాం. లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లో టైపు చేసి, దిద్దుబాటు అంతా అక్కడే పూర్తిచేసి, ఆ తర్వాత పాత ఫాంటు సంకేతాల్లోకి మార్చే చిన్న పైథాన్ స్క్రిప్టు ద్వారా పంపి, వచ్చిన ఫైలును పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేస్తారు (పేజీలోకి చేరుస్తారు).

ఆపరేటర్ల చేతి అలవాటు గురించి మొదట కొంత ఆందోళన ఉండేది. వారంతా యాపిల్ కీబోర్డు పద్ధతికి అలవాటుపడినవారు. ఐబస్‌తో వాడే ఎం17ఎన్ అనే కీబోర్డు పద్ధతుల సమాహారంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి వాటితో పాటు తెలుగు యాపిల్ పద్ధతి కూడా ఉంది. కొన్ని మీటల్లో తేడాలు కనబడితే, ఆ పద్ధతి మామూలు అక్షరాల ఫైలులో రాసి ఉంటుంది కాబట్టి, దాని ప్రతిని వాడుకరి ఫోల్డరులో పెట్టి వారు చెప్పినట్టు సవరించాం. తరలింపులో ఆపరేటర్ల మనసు కుదుటపడింది ఆ రోజే అని నా అభిప్రాయం.

మార్పిడి స్క్రిప్టులో రెండు సంగతులు ఇతరులకు పనికొస్తాయి. 1252 కోడ్‌పేజీలో 128 నుంచి 159 వరకు ఉన్న స్థానాల్లో 27 గుర్తులకు మాత్రమే నిర్వచనం ఉంది. 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ. ఫాంటు ఆ ఖాళీ స్థానాలను వాడుకున్నా వాటితో విండోస్ పద్ధతి సర్దుకుపోతుంది, పైథాన్‌లోని 1252 ఎన్‌కోడింగ్ మాత్రం తప్పు చూపి ఆగిపోతుంది. కాబట్టి అక్షరాలుగా కాక బైట్లుగానే ఫైలు రాయాలి. లాటిన్-1 అనే మరో ఎన్‌కోడింగ్ వాడితే ఆ 27 గుర్తుల స్థానాల్లోని ముక్కలన్నీ పోతాయి.

రెండోది తిరుగు దారికి, అంటే పాత ఫైలులోని వచనాన్ని యూనికోడ్‌లోకి తెచ్చే పనికి సంబంధించినది. పాత ఫాంటులో పొల్లు ఒక ముక్క, దాని తర్వాతి హల్లు మరో ముక్క, రెండూ పక్కపక్కన నిలబడతాయి. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే ఆ హల్లు వత్తుగా మారిపోతుంది. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట పొల్లు తర్వాత కనిపించని విడదీత గుర్తు పెట్టకపోతే వ వత్తు వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషు మాటలు, ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు ఎక్కువగా ఉండే డైరెక్టరీల్లో ఇలాంటివి ప్రతి పేజీలోనూ వస్తాయి. పొల్లు ముక్క తర్వాత పూర్తి హల్లు ముక్క కనబడిన ప్రతిచోటా ఆ గుర్తును చేర్చాలని స్క్రిప్టుకు నియమం పెట్టాం. ఈ నియమం లేని మార్పిడి ఉపకరణాలు ఇప్పటికీ వాడుకలో ఉండడం విచారకరం. ఆ తప్పులతో యూనికోడ్‌లోకి వచ్చిన తెలుగు వచనం ఆ తర్వాత వెతుకులాటకు కూడా దొరకదు.

కాగితం దాకా

ప్రింటింగ్ అనుకున్నదానికంటే సులువుగానే సాగింది. వైన్ లినక్స్ ముద్రణ వ్యవస్థ అయిన కప్స్‌తో మాట్లాడుతుంది, ప్రోగ్రాం గీసినదాన్ని పోస్ట్‌స్క్రిప్టుగా (పేజీని ప్రింటరుకు వర్ణించే భాషలోకి) మార్చి అందిస్తుంది. పేజ్‌మేకర్‌కు పోస్ట్‌స్క్రిప్టు ప్రింటరంటేనే ఇష్టం కాబట్టి ఇక్కడ రెండింటికీ పొత్తు కుదిరింది. పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్టు ఫైలు తీసి, గోస్ట్‌స్క్రిప్టు అనే ప్రోగ్రాంతో పీడీఎఫ్‌గా మార్చి, ఫాంట్లన్నీ పీడీఎఫ్‌లో ఇమిడాయో లేదో పీడీఎఫ్‌ఫాంట్స్ అనే ఉపకరణంతో చూడడం నియమంగా పెట్టాం. పెద్ద ప్రెస్సులకు ప్లేట్ల కోసం పంపే పనులకు ఈ పీడీఎఫ్ సరిపోతుంది.

సొంత ప్రెస్సులో చిన్న పనులకు ఇప్పటికీ లేజర్ ప్రింటరు మీద బటర్ పేపరు తీసి ప్లేటు చేస్తారు. దానికి అద్దం ప్రతి కావాలి. ఆ తిప్పడం పేజ్‌మేకర్‌లో చేయకుండా, చివర లేజర్‌కు పంపేటప్పుడు మాత్రమే చేయాలని నిర్ణయించాం. అప్పుడు దాచుకునే పీడీఎఫ్ ఎప్పుడూ నేరుగానే ఉంటుంది, రెండుసార్లు తిరిగి వృథా అయ్యే అవకాశం ఉండదు. కేంద్రంలోని లేజర్ ప్రింటర్లలో ఒకటి స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరు నుంచి ఫర్మ్‌వేర్ అందుకోవాల్సిన రకం. దానికి లినక్స్ డ్రైవరు దొరికింది, విడిగా ఒక ప్లగిన్ చేర్చాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎలా నడుస్తోంది

మాసపత్రికను పేజ్‌మేకర్ నుంచి పూర్తిగా తప్పించి, పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రాం అయిన స్క్రైబస్ 1.6లో యూనికోడ్ ఫాంట్లతో తయారుచేస్తున్నారు. స్క్రైబస్ ఇప్పుడు తెలుగు వత్తులనూ గుణింతాలనూ సరిగా కూర్చగలదు, సీఎంవైకే (ముద్రణలో వాడే నాలుగు సిరాల) రంగులతో ప్రెస్సుకు పనికొచ్చే పీడీఎఫ్ ఇవ్వగలదు. మండలి, రామభద్ర, మల్లన్న, ధూర్జటి వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లతో వచనానికీ శీర్షికలకూ లోటు లేదు. పాత పీఎండీ ఫైళ్లను నేరుగా లిబ్రేఆఫీస్ డ్రా గానీ, స్క్రైబస్ గానీ తెరిచే సౌలభ్యం ఉంది. అది చట్రాల కొలతలు, బొమ్మల స్థానాలు చూసుకోవడానికి మంచిదే గానీ, వచనం ఎలాగూ పాత సంకేతాల్లోనే వస్తుంది కాబట్టి, మాసపత్రిక నమూనా పేజీలను స్క్రైబస్‌లో కొత్తగా గీయించడమే మేలని తేల్చుకున్నాం.

పెళ్లికార్డుల సంగతి వేరు. కార్డు చేయించేవారు ఆల్బమ్‌లో చూసి, "ఈ అక్షరాలే కావాలండీ" అంటారు. ఆ అలంకార ఫాంట్లలో చాలావాటికి యూనికోడ్ రూపాలు లేవు. అవి వచ్చేదాకా కార్డులు పేజ్‌మేకర్‌లో, వైన్ మీదే సాగుతాయి. ఇందులో లోటేమీ లేదని నా అభిప్రాయం. కార్డు ముద్రణ అయ్యాక ఆ వచనాన్ని మళ్లీ వెతకాల్సిన అవసరం సాధారణంగా రాదు. దశాబ్దాలపాటు చదవాల్సిన, వెతకాల్సిన వచనం యూనికోడ్‌లో ఉండాలి. పత్రిక, డైరెక్టరీలు, సంచికలు ఆ కోవలోకి వస్తాయి కాబట్టి శ్రమను అటు మళ్లించాం.

పంచాంగం ఈ ఏర్పాటుకు అసలైన పరీక్ష. పరాభవ నామ సంవత్సర పంచాంగం 2026 మార్చి 19 నాటి ఉగాదికి చాలా ముందే బజారులోకి రావాలి. అందులో గడుల పట్టికలు, తిథి నక్షత్రాల సంక్షిప్త గుర్తులు, అంకెల వరుసలు దట్టంగా ఉంటాయి. ఒక్క ముక్క ఎగిరినా అర్థం మారే పుస్తకం అది. నిరుటి ఫైలునే వైన్‌లో తెరిచి, మార్పిడి స్క్రిప్టు ద్వారా కొత్త వచనం చేర్చి పూర్తిచేశారు. వర్చువల్ మెషీన్‌లో తీసిన ప్రతితో ప్రతి ఫారాన్నీ (కలిపి అచ్చువేసే పేజీల గుంపును) డిఫ్-పీడీఎఫ్‌లో పోల్చిన తర్వాతే ప్లేటుకు పంపారు. వచ్చే ఏడాది నుంచి పట్టికల భాగాన్ని స్క్రైబస్‌కు మార్చాలా అనే చర్చ నడుస్తోంది. నా సలహా మాత్రం ఒక ఏడాది రెండింటిలోనూ సమాంతరంగా తయారుచేసి చూడమనే.

నిర్వహణకు పెట్టిన ఏర్పాటు క్లుప్తంగా చెబుతాను. వైన్ సంచిక తనంతట తాను మారకుండా నిలిపి ఉంచాం. కొత్త స్థిర సంచిక ఏటా జనవరి ప్రాంతంలో వస్తుంది, అది సరిగ్గా పంచాంగం పని నడిచే కాలం. అందుకని నవీకరణ ఆలోచన మళ్లీ ఆషాఢంలోనే. అప్పుడు కూడా ముందుగా ప్రిఫిక్స్ కాపీ మీద కొత్త వైన్‌ను నడిపి, మొదట ఎంచుకున్న ఆ వంద ఫైళ్ల పీడీఎఫ్‌లను మళ్లీ తీసి, పాతవాటితో పోల్చాకే మిగతా కంప్యూటర్లకు చేర్చాలి. ప్రిఫిక్స్‌ల ప్రతి, ఫాంట్ ఫైళ్ల చెక్‌సమ్ పట్టిక, మార్పిడి స్క్రిప్టు, సవరించిన కీబోర్డు ఫైలు, ఈ నాలుగూ రెండు వేర్వేరు డిస్కుల మీద ఉన్నాయి. వాటిలో ఒకటి యజమాని ఇంట్లో ఉంటుంది.